‘నేను దిగను’ అనగలగడం

(ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాస పాఠం)



ఐఏఎస్ అధికారి శంకరన్ గారి పేరు మీద మాట్లాడమంటే ఆయన గుణగణాలు చెప్పుకుంటూ గంట గడిపేయడం తేలిక. జీతంలో పెద్ద భాగం హాస్టలు పిల్లల చదువులకే పోయేదనీ, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారనీ, 1987లో గుర్తేడు అడవిలో నక్సలైట్లు పట్టుకుపోయి వదిలేశాక కూడా అదే నెమ్మది గొంతుతో మాట్లాడారనీ మీ అందరికీ తెలుసు. ఆయనే ఈ సభలో ఉండి ఉంటే, ఆ మాటలు ఎత్తుకోగానే మెల్లిగా లేచి వెనక వరసలోకి పోయి కూర్చునేవారు. కాబట్టి పొగడ్త మానేసి, ఆయన జీవితమంతా పట్టుకు వదలని ఒక్క ప్రశ్నను పట్టుకుంటాను. మనిషి ఒక పనిని కాదనలేకపోతే ఆ పనిని ఏమనాలి?

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు దాన్ని ఊళ్లలోకి తీసుకుపోయి నిజంగా అమలు చేద్దామనుకున్న కొద్దిమంది అధికారుల్లో ఆయనొకరు. ఆ పట్టుదల పైవాళ్లకు రుచించలేదు. తర్వాత త్రిపుర వెళ్లి అక్కడ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1992లో రిటైరయ్యాక, మనుషుల మలాన్ని మనుషులే ఎత్తే పనికి వ్యతిరేకంగా బెజవాడ విల్సన్ మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కుగా నిలబడ్డారు. విల్సన్ పుట్టింది కోలారు బంగారు గనుల కాలనీలో, పాకీ పనిచేసే తెలుగు కుటుంబంలో. 2016లో మెగసెసే అవార్డు వచ్చేదాకా మన పత్రికలకు ఆయన పెద్దగా కనపడలేదు. పొడి పాయిఖానాలను నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చాక కూడా నిజామాబాద్ కోర్టు ఆవరణలోనే అలాంటి పాయిఖానా నడిచిందంటే, నిషేధానికీ అమలుకీ ఎంత దూరమో మీరే చూసుకోండి.

వెట్టి నుంచి పాకీ దాకా శంకరన్ గారు నడిచిన దారి నాకు ఒకే దారిలా కనిపిస్తుంది. ఈ మధ్యలో, 1982లో, ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కొరడా పట్టుకుని చేయించేదే బలవంతం కాదు, ఆకలి వల్ల ఇంకో దారి లేక కనీస వేతనం కన్నా తక్కువకు చేసే పని కూడా బలవంతపు పనేనని తేల్చింది. ఈ తీర్పును నేను వేతనాలకే పరిమితం చేయను, దెబ్బలకు కూడా వర్తింపజేస్తాను. ఊళ్లు ఊడ్చేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు, ఆసుపత్రులు కడిగేవాళ్లు పనిలో దెబ్బ తింటున్నారంటే మనం వెంటనే గ్లవ్సు, బూట్లు, మాస్కుల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. వాటికన్నా ముందున్న కారణాలు రెండున్నాయి. పని చెప్పినవాడితో ‘ఇది ప్రమాదం, చేయను’ అనలేకపోవడం మొదటిది. దెబ్బ తగిలాక ‘తగిలింది, రాసుకోండి’ అనలేకపోవడం రెండోది. మిగతావన్నీ వీటి తర్వాతే.

నేను డాక్టర్ని. ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తెల్లవారుజామున అయిదూ అయిదున్నరకు వచ్చే దెబ్బలకు ఒక పోలిక ఉంటుంది. అరచేతిలో అడ్డంగా సీసా పెంకు కోత, చూపుడు వేలి కొసలో సూది పోటు, పాదం పక్కన మేకు, పిక్క మీద కుక్కకాటు. వీటికి తోడు చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి లాంటి పెద్ద రోడ్ల పక్కన, డివైడరు వెంట చీకట్లో వంగి ఊడుస్తుంటే వెనకనుంచి వాహనం గుద్దేసిన కేసులు. వచ్చిన మనిషి ఒంటి మీద మున్సిపాలిటీ కోటు ఉంటుంది. కేసుషీటులో మాత్రం వృత్తి అన్న గడిలో ‘కూలి’ అని ఉంటుంది. కారణం అన్నచోట ‘గాజు గాయం’ అని ఉంటుంది. కుట్లు వేస్తారు, ధనుర్వాతం ఇంజక్షన్ ఇస్తారు, పంపేస్తారు. ఏ వీధిలో, ఏ పని చేస్తుంటే, ఎవరి చెత్త డబ్బాలోంచి ఆ గాజు వచ్చిందో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. సంవత్సరం చివర ‘మన పట్టణంలో పారిశుధ్య కార్మికులకు ఎన్ని దెబ్బలు తగిలాయి’ అని ఎవరైనా అడిగితే, చెప్పడానికి పుస్తకమే లేదు.

మూడువందల ఏళ్ల కిందట ఇటలీలో మొడెనా అనే ఊళ్లో బెర్నార్డినో రామజ్జిని అనే వైద్యుడుండేవాడు. ఆయన ఇంట్లో మలగుంట ఎత్తడానికి మనుషులొచ్చారు. అందులో ఒకడు ఊపిరాడనట్టు తొందరగా పనిచేస్తుంటే, నిదానంగా చెయ్యొచ్చుగా అని అడిగాడట. నాలుగు గంటలకు మించి ఇక్కడుంటే కళ్లు పోతాయన్నది ఆ మనిషి జవాబు సారాంశం. రామజ్జిని ఆయన కళ్లు చూశాడు, ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ తర్వాత వృత్తులవారీగా జబ్బుల మీద ఆయన రాసిన గ్రంథం 1700లో అచ్చయింది. వృత్తి వైద్యమనే శాస్త్రం అలా ఒక పాకీ పనివాడి మాట దగ్గర పుట్టింది. రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకు ఆయన ఒక ప్రశ్న కలిపాడు: నువ్వు ఏం పని చేస్తావు? మన కేసుషీట్లలో ఆ గడి ఇప్పటికీ ఉంది. దాంట్లో ‘కూలి’ అని రాసి ఊరుకుంటున్నాం.

ఇక గ్లవ్సు సంగతి. వాటి గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే ఈ విషయంలో మనకున్న అపోహలన్నీ వాటిలోనే దూరి ఉన్నాయి. చెత్త ఎత్తే ప్రతి మనిషికీ యూనిఫారం, చీకట్లో మెరిసే జాకెట్టు, గ్లవ్సు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. కొన్నిచోట్ల ఇస్తారు. కానీ ఎలాంటివి? మగవాళ్ల చేతి కొలతకు తయారైన రబ్బరు గ్లవ్సు ఆడవాళ్లకు ఇస్తారు. వేలి కొసలు ఖాళీగా వేలాడుతుంటే చీపురు పట్టు నిలవదు, పట్టు తప్పితే మణికట్టు మెలికపడుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి మన గుంటూరు మైదానంలో ఎండ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పక్కనే రెంటచింతల ఉంది, ఎండల వార్తల్లో దాని పేరు తరచూ వస్తుంటుంది. ఆ ఎండలో రబ్బరు లోపల చెయ్యి చెమటకు నాని, తోలు మెత్తబడి, వేళ్ల సందులు పాచిపోతాయి. తీసేస్తే పెంకు కోస్తుంది, ఉంచుకుంటే చర్మం పోతుంది. పైగా పల్చటి రబ్బరు సూదిని ఆపదు. సూదిని ఆపే మందపాటి గ్లవ్సు వేసుకుంటే తడి చెత్తలోంచి కవరు విడదీయడం కుదరదు.

ఇంత బాధ పడి తీసేసిన మనిషికి దెబ్బ తగిలితే పైనుంచి కిందదాకా అందరి నోటా ఒకటే మాట: ‘గ్లవ్సు వేసుకోలేదు సార్.’ ఆ మాట ఊరికే అనేది కాదు, దాని వెనక డబ్బుంది. పనిలో దెబ్బ తగిలితే, తప్పెవరిదని చూడకుండా యజమానే పరిహారం ఇవ్వాలని 1923 నాటి పరిహార చట్టం చెప్పింది. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా అసలు పని చేయించుకునేవారి బాధ్యత తప్పదని 12వ సెక్షన్ చెప్పింది. కార్మిక చట్టాలు కోడ్‌లుగా మారినా ఆ సూత్రం అలాగే ఉంది. అయితే 1923 చట్టం 3వ సెక్షన్‌లో ఒక మినహాయింపుంది. ఇచ్చిన రక్షణ సాధనాన్ని కార్మికుడు తెలిసీ కావాలని తీసేస్తే, చావో పూర్తి అంగవైకల్యమో కాని దెబ్బలకు పరిహారం ఇవ్వక్కర్లేదు. చూశారా! వేలు తెగిన మనిషికి రావలసిన డబ్బంతా ఆ ఒక్క మాట మీద ఆగిపోగలదు. ‘కావాలని’ అన్నది చట్టంలో బరువైన మాట. కొలతకు సరిపోని గ్లవ్సు తీసేయడం కావాలని చేసిన తప్పెలా అవుతుంది? కానీ ఆ వాదన చెయ్యాలంటే ముందు కేసుండాలి, కేసుకు ముందు కాగితముండాలి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క చెబుతాను, విసుగనుకోకండి. ఆ చట్టంలో శరీరాన్ని భాగాలుగా విడగొట్టిన పట్టిక ఒకటుంది. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, చూపుడు వేలైతే 14, నడిమి వేలు 12, ఉంగరం వేలో చిటికెన వేలో అయితే 7. వయసును బట్టి ఒక గుణకం, నలభై ఏళ్ల మనిషికి 184.17. నెల జీతంలో 60 శాతాన్ని దానితో గుణించి, అందులో ఈ శాతం తీయాలి. లెక్కలోకి తీసుకునే జీతానికి 2020లో పెట్టిన పరిమితి 15,000. ఆ పదిహేను వేల మీద చూపుడు వేలి ఖరీదు దాదాపు 2 లక్షల 32 వేలు. ఇప్పుడు ఊళ్లోకి రండి. పంచాయతీల్లో చెత్త బండి తోసేవాళ్లకు గ్రీన్ అంబాసిడర్లని పేరు పెట్టి నెలకు 6,000 ఇచ్చారు. కేసు నిలబడితే, ఆ జీతం మీద అదే వేలు 93 వేలకు దిగుతుంది. అదే సీసా పెంకు, అదే వయసు, అదే వేలు. రాయబారి అని పేరు పెట్టినందుకు వేలి ధర ఏమీ పెరగలేదు.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్ల దారి వేరు, వాళ్లకు పరిహారం అక్కణ్ణుంచి పింఛనుగా రావాలి. దానికీ యజమాని పంపే ప్రమాద నివేదికే మొదటి మెట్టు. నివేదిక పంపాలంటే దెబ్బ తగిలిందని మేస్త్రి ఒప్పుకోవాలి. మేస్త్రి ఒప్పుకుంటే శానిటరీ ఇన్‌స్పెక్టరు అడుగుతాడు, ఆయన్ని పైవాళ్లు అడుగుతారు. అందుకని ‘నాల్రోజులు ఇంట్లో ఉండమ్మా, మస్టరు నేను చూసుకుంటా’ అనే దయగల మేస్త్రులుంటారు. నిజంగా మంచివాళ్లే, వాళ్లని నేను తప్పుపట్టను. కానీ ఆ మంచితనం వల్ల ఆమెకు నాలుగు రోజుల కూలి దక్కుతుంది, జన్మంతా రావలసిన హక్కు పోతుంది.

సూది పోటు గురించి నా వృత్తి ధర్మంగా చెప్పి తీరాలి. టీకా వేయించుకోనివాళ్లకు, జబ్బు ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే, హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుంది. హెపటైటిస్ సి అయితే నూటికి మూడు, హెచ్‌ఐవీ వెయ్యికి మూడు. జనం భయపడేది మూడోదానికి, ఎక్కువగా వచ్చేది మొదటిది. దానికి టీకా ఉంది, ఆర్నెల్లలో మూడు డోసులు, చవక. హెచ్‌ఐవీకి కూడా డెబ్బైరెండు గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోనే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే చాలావరకు ఆపొచ్చు. ఆసుపత్రి వ్యర్థాలు తాకే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, సూదులు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో వేయాలని 2016 బయోమెడికల్ నియమాలు చెప్పాయి. బాగుంది. కానీ ఇప్పుడు ఇన్సులిన్ సూది ఆసుపత్రిలో లేదు, మన వంటింట్లో ఉంది. గుంటూరు బ్రాడీపేటలో, లక్ష్మీపురంలో, అరండల్‌పేటలో షుగరు లేని ఇల్లు వెతకండి. ఆ సూదులన్నీ ఇడ్లీ పొట్లం కాగితంతో కలిసి ఒకే కవరులో పోతున్నాయి. వాటిని విడదీసే చేతులకు ఆసుపత్రి నియమం వర్తించదు.

ఈ మైదానానికే ప్రత్యేకమైన గాయాలు కొన్నున్నాయి, వాటిని పట్టణాల పుస్తకాలు చెప్పవు. గుంటూరు మిర్చి యార్డుకు సీజనులో రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వచ్చే రోజులుంటాయి. ధర ఎంత పలికిందో టీవీల్లో చెబుతారు. వేలం ముగిశాక ఆ నేల ఊడ్చేదెవరు? చీపురు వేయగానే లేచే ఎర్రటి దుమ్ములో గింజ పొడి, తొడిమ ముక్కలు, తోటలో కొట్టిన మందుల అవశేషాలు ఉంటాయి. మిరపలో మంట పుట్టించే పదార్థం నరాల కొసల్ని రెచ్చగొట్టి దగ్గు తెప్పిస్తుంది, ఉబ్బసం ఉంటే ముదురుస్తుంది. అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చెయ్యి ఎంత కడుక్కున్నా, రాత్రి పాలిచ్చేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది. కొబ్బరినూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలని ఆ ఆడవాళ్లకు ఏ డాక్టరూ చెప్పకముందే తెలుసు. నేల మీద కాసిని నీళ్లు చల్లి ఊడిస్తే దుమ్ము లేవదు కదా అంటారు. తడి తగిలితే కాయకు బూజు పడుతుంది, అందుకని నీళ్లు చల్లనివ్వరు. ఇదీ చిక్కు. సరుకు ఆరోగ్యానికీ మనిషి ఆరోగ్యానికీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో తెలిసిందే.

పత్తి దుమ్ము ఇంకో రకం. జిన్నింగు మిల్లులో సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేసినట్టుంటుంది, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది, మళ్లీ సెలవు తర్వాత మొదలవుతుంది. అది బిసినోసిస్, పరిహారానికి అర్హమైన వృత్తి జబ్బుల జాబితాలో ఎప్పటినుంచో ఉంది. మిల్లులో మిషన్ దగ్గర నిలబడేవాడికే అది వస్తుందనుకుంటాం. దుమ్మును పోగుచేసేది మాత్రం ఊడ్చే మనిషి. తిరుగుతున్న యంత్ర భాగాల్ని ఆడవాళ్ల చేత, పిల్లల చేత శుభ్రం చేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ అప్పుడే రాసింది. మిషన్ ఆపితే గంట ఉత్పత్తి పోతుంది. రోలరులో చిక్కిన దూదిని చేత్తో లాగితే క్షణం పడుతుంది. ఆపమని చెప్పే అధికారం చీపురు పట్టుకున్న మనిషికి ఉందా? మళ్లీ అక్కడికే వచ్చాం.

పురుగుమందు డబ్బాల మాట ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాను. వాడిన డబ్బాను పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలని నిబంధన. పంచాయతీ చెత్త షెడ్డులో అవి గుట్టగా కనపడతాయి. అడుగున మిగిలిన నాలుగు చుక్కలు చర్మంలోంచే లోపలికి పోతాయి. ఆ సాయంత్రం తల తిరిగి వాంతయితే ‘ఎండ దెబ్బ’ అంటారు.

బ్లీచింగు పౌడరు, యాసిడ్ కలపకండి. బళ్లలో, హోటళ్లలో, అపార్టుమెంట్లలో మరుగుదొడ్లు కడిగేవాళ్లు మరక తొందరగా పోతుందని రెండూ కలుపుతారు. అందులోంచి వచ్చేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. తలుపు మూసిన నాలుగడుగుల గదిలో అది చాలు. ఈ హెచ్చరికను డబ్బా మీద తెలుగులో, కనపడే అక్షరాల్లో రాయించడానికి ఏ ప్రభుత్వ పథకమూ అక్కర్లేదు.

ఇప్పుడు గుంటల దగ్గరికి వద్దాం. 2017 మార్చిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక హేచరీ వ్యర్థాల ట్యాంకులో ఏడుగురు చనిపోయారు. 2025లో మన గుంటూరు పక్కనే పెదకాకానిలో గోశాల సంపు పూడిక తీస్తూ కరెంటు షాకుతో నలుగురు పోయారు. ఒకరు కాదు, నలుగురు, ఏడుగురు. ఎందుకిలా? మొదటివాడు కిందపడితే రెండోవాడు ఆలోచించడు, దూకుతాడు. మూడోవాడు ఇద్దరి కోసం దూకుతాడు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, గాలిలో పదిలక్షల వంతుల్లో వంద వంతులకు చేరేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన ఆగిపోతుంది. లోపలున్నవాడు గాలి బాగుపడిందనుకుంటాడు. వెయ్యి వంతుల దగ్గర ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. గుడ్డ కట్టుకుంటే, ఉల్లిపాయ వాసన చూస్తే, దీపం పెట్టి చూస్తే సరిపోతుందన్న పాత ఉపాయాలేవీ దీనికి పనికిరావు. గాలిని కొలిచే మీటరు, బయటి గాలిని లోపలికి పంపే పరికరం, నడుముకు తాడు, పైన ఆ తాడు పట్టుకున్న మనిషి కావాలి. ఇవి లేకపోతే దిగకూడదు.

మలం ఎత్తే పనిని, రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి దించడాన్ని నిషేధిస్తూ 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వమని, శంకరన్ గారు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చేనాటికి ఆయన పోయి మూడేళ్లు దాటింది. 2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది, శాశ్వత వైకల్యానికి ఇరవై లక్షలు అంది. మంచి తీర్పులే. కానీ గుంట ఒడ్డున ఉదయం ఏడింటికి జరిగే సంభాషణ చూడండి. అపార్టుమెంటు సెక్రటరీ అంటాడు: ‘ఏముంది, రెండు నిమిషాల పని, అడుగున అడ్డం పడింది, ఒక్కసారి దిగి తియ్యి. వెయ్యి ఎక్కువిస్తా.’ ఆ రోజు పనికి ఇంకో బేరం లేని మనిషి దిగుతాడు. అతనికి చట్టం తెలియదని మనం శిక్షణ తరగతులు పెడతాం. అతనికి తెలుసు. అతను దిగకపోతే పక్క కాలనీ నుంచి దిగేవాడు వస్తాడని కూడా తెలుసు. శిక్షణ కావలసింది ఆ సెక్రటరీకి. దింపినవాడే నేరస్తుడని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది.

‘దిగేవాడు ఎప్పుడూ దొరుకుతాడు’ అన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ కులం మాట ఎత్తకపోతే అబద్ధమాడినట్టే. మద్రాసు ప్రెసిడెన్సీ నాటినుంచి మన పట్టణాల్లో ఈ పనికి యానాదుల్ని, రెల్లివాళ్లను, మాదిగల్ని పెట్టారు. గుంటూరు మున్సిపాలిటీ 1866లో పుట్టింది, 1994లో కార్పొరేషన్ అయింది. ఇన్నేళ్లలో దీపాలు మారాయి, రోడ్లు మారాయి, చీపురు పట్టే ఇళ్లు ఎన్ని మారాయో మస్టరు తీసి చూడండి. ప్రమాద కారకాల పట్టికలో వయసు, అనుభవం, పని గంటలు రాస్తారు. మన దేశంలో ఆ పట్టికకు ఇంకో గడి కావాలి.

మెంఫిస్ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, 1968 ఫిబ్రవరి 1. వాన పడుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు చెత్త లారీ వెనక తొట్టిలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటది కదిలి వాళ్లిద్దరినీ నలిపేసింది. పదమూడు వందల మంది సమ్మెకు దిగారు. ‘నేను మనిషిని’ అన్న అట్టలు మెడలో వేసుకుని నడిచారు. వాళ్లకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అదే ఊళ్లో హత్యకు గురయ్యాడు. ప్రపంచమంతా కింగ్‌ను గుర్తుపెట్టుకుంది, ఆయన ఎవరి కోసం ఆ ఊరు వెళ్లాడో మర్చిపోయింది. మన వీధుల్లోనూ ఇప్పుడు అలాంటి కంపాక్టర్లే తిరుగుతున్నాయి. డ్రైవరు మీట నొక్కేటప్పుడు వెనక చెయ్యి ఎక్కడుందో అద్దంలో కనపడదు.

మన సమ్మెలు చిన్నవేం కావు. 2015 జులైలో రెండు తెలుగు రాష్ట్రాల్లో పారిశుధ్యం పని ఆగింది. ఆంధ్రప్రదేశ్లో 2023 డిసెంబరు 26న మొదలైన సమ్మె సంక్రాంతి ముందు దాకా నడిచింది. అందులో పెద్ద తగాదా పదిహేను వేల జీతం, దాని మీద ఇచ్చే ఆరువేల ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్సు గురించి. జీతం పెరగాలి, దాంట్లో రెండో మాట లేదు. నాకు ఆ అలవెన్సు పేరే విచిత్రంగా ఉంటుంది. ఈ పని ఒంటికి హాని చేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకుని, ఆ హానికి నెలనెలా వెల కట్టింది. ఏ హాని, ఎంత, ఎవరికి అన్న లెక్క మాత్రం పెట్టలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈఎస్‌ఐ వర్తించే జీతం పరిమితి 2017లో 21,000 అయింది. ఆ గీత దగ్గర నిలబడిన మనిషికి వెయ్యి రూపాయలు పెరిగితే ఆసుపత్రి చీటీ పోతుందేమోనని భయం. యూనియన్ నాయకులు జీతం అడిగేటప్పుడు ఈ గీతను కూడా పైకి జరపమని అదే బల్ల మీద అడగాలి.

మనం, అంటే పన్నులు కట్టేవాళ్లం, మున్సిపాలిటీతో పోట్లాడేది ఎప్పుడూ పన్ను గురించే. ఇది ఇవాళ్టి అలవాటు కాదు. చీరాల పేరాలను మున్సిపాలిటీ చేసి పన్ను పెంచితే 1921లో జనం ఊరే ఖాళీ చేసి రామ్‌నగర్ కట్టుకున్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నడిచారు. అది ఘనమైన చరిత్ర. నిన్నమొన్నటి చెత్త పన్ను మీదా గట్టిగానే పోట్లాడాం, 2024లో అది రద్దయింది. చెత్తకు ఎంత కట్టాలన్న దాని మీద ఊళ్లకు ఊళ్లు కదిలాయి. ఆ చెత్తలో ఏం వేస్తున్నామన్న దాని మీద ఒక్క అపార్టుమెంటు మీటింగైనా జరిగిందా? 2018 మార్చిలో పాత గుంటూరులో మురుగు కలిసిన మంచినీళ్లు తాగి జనం అతిసారంతో చనిపోయినప్పుడు మురుగు మీద అందరికీ ఒక్కసారి శ్రద్ధ కలిగింది. కాలవలోకి దిగి పైపులు వెతికినవాళ్ల కాళ్ల సంగతి ఏ వార్తలోనూ నేను చదవలేదు.

కమిషనర్లకు, పంచాయతీ అధికారులకు నేను అడిగేది పెద్ద బడ్జెటు కాదు. ప్రతి మస్టరు పాయింటులో ఒక దెబ్బల పుస్తకం పెట్టండి. సూది పోటైనా, కుక్కకాటైనా, నడుం పట్టినా, కళ్లు తిరిగినా రాయాలి. రాసేది మేస్త్రి కాదు, కార్మికులే ఎన్నుకున్న ఒక మనిషి. రాసిన నాటినుంచి డాక్టరు చెప్పిన రోజులకు మస్టరు పడాలి, లేకపోతే ఎవరూ రాయరు. రాసినందుకు డివిజన్ మార్చడం, పని ఆపడం ఉండకూడదని ఆర్డరులో ఉండాలి. ఔట్‌సోర్సింగ్ అయినా, రేపు ఇంకేదైనా పేరు పెట్టినా ఇందులో తేడా ఉండకూడదు. హెపటైటిస్ టీకా మూడు డోసులూ మస్టరు దగ్గరే వేయించండి, ఆసుపత్రికి రమ్మంటే ఒక పూట కూలి పోతుంది. గ్లవ్సు కొనేముందు ఆ చేతులు కొలవండి. ఇంట్లో ఉన్నవాళ్లకు నా మనవి చిన్నది. పగిలిన గాజును, సూదిని మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ సీసాలో వేసి, చెత్త ఇచ్చేటప్పుడు చేతికి విడిగా ఇవ్వండి, నోటితో చెప్పి ఇవ్వండి.

ఆ దెబ్బల పుస్తకంలో తేదీ, వీధి, దెబ్బ, వైద్యం అన్న గడులతో పాటు చివర ఒక గడి తప్పకుండా ఉండాలి: ‘ఈ పని ఎవరు చెప్పారు? కాదన్నారా? కాదంటే ఏం జరిగింది?’ మొదటి ఏడాది ఆ గడి ఖాళీగానే ఉంటుందని నాకు తెలుసు. రెండో ఏడాది ఎవరో ఒకరు రాస్తారు. అది రాసిన రోజున ఆ మనిషి పక్కన యూనియన్, ఒక వకీలు, ఒక డాక్టరు నిలబడగలిగేలా ఇప్పటినుంచే ఏర్పాటు చేసుకోవాలి. డాక్టరు కావాలంటే నా ఫోను నంబరు యూనియన్ ఆఫీసులో ఇచ్చి వెళ్తున్నాను.

ఉపన్యాసం అయింది. ప్రశ్నలుంటే, తెల్లారి నాలుగింటికి లేవాల్సినవాళ్లు ముందు అడగండి, మిగతావాళ్లం తర్వాత మాట్లాడుకుందాం.